అమ్మానాన్నలతో వెంబ్లీలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మ్యాచ్: టికెట్ కన్నా ముందు తిరుగు ప్రయాణం చూసుకోండి

మీరు అడిగింది ఇది: ఉండేది పశ్చిమ లండన్‌లోని హౌన్స్‌లోలో. అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. వాళ్లకు లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్ ఆడే ఫుట్‌బాల్ మ్యాచ్ ఒకటి చూపించాలి. నాన్నగారికి అరవై దాటాయి, మోకాళ్ల నొప్పి, మెట్లంటే కష్టం. టికెట్లు ఎక్కడ కొనాలి, ఎక్కడ కూర్చోవాలి, రాత్రిపూట ఇంటికి ఎలా చేరాలి?

వీటిలో చివరి ప్రశ్నను ముందుకు తెచ్చుకోండి. వెంబ్లీలో 90,000 మంది పడతారు. వచ్చేటప్పుడు ఆ జనం రెండు మూడు గంటల పాటు కొద్దికొద్దిగా వస్తారు. పోయేటప్పుడు అందరూ ఆఖరి విజిల్ తర్వాత పావుగంటలో లేచి, మూడే మూడు స్టేషన్ల వైపు నడుస్తారు. లోపల ఎంత హాయిగా గడిచినా, నొప్పి కాళ్లతో ఆ క్యూలో ముప్పావుగంట నిలబడితే నాన్నగారికి గుర్తుండేది ఆ క్యూనే. అందుకే రోజు, సీటు, భోజనం అన్నీ తిరుగు ప్రయాణాన్ని బట్టి ఎంచుకోండి.

మొదట రోజు సంగతి. ఇంగ్లండ్ పురుషుల జట్టు ఇక్కడ ఆడే మ్యాచ్‌లు వారం మధ్యలో అయితే ఎక్కువగా రాత్రి 7:45కు మొదలవుతాయి. విరామం, అదనపు నిమిషాలు కలుపుకుంటే 9:40 ప్రాంతంలో ముగుస్తాయి. శని, ఆదివారాల్లో సాయంత్రం 5 గంటలకు మొదలయ్యేవీ ఉంటాయి. ఎంచుకునే వీలుంటే ఆ 5 గంటల మ్యాచే మీకు సరైనది. అది దొరక్కపోతే శుక్ర, శనివారం రాత్రి మ్యాచ్ చూడండి. దానికి గట్టి కారణం ఉంది. ఆ రెండు రాత్రులు ట్యూబ్‌లో, అంటే లండన్ భూగర్భ రైళ్లలో, జూబిలీ లైన్ మొత్తం తెల్లవార్లూ నడుస్తుంది. పికడిల్లీ లైన్ కూడా హీత్రూ వైపు, అంటే హౌన్స్‌లో మీదుగా, తెల్లవార్లూ నడుస్తుంది. గ్రీన్ పార్క్‌లో ఒక్కసారి మారితే ఇంటికి చేరిపోతారు. ఎంత ఆలస్యమైనా ఆఖరి రైలు పోతుందన్న భయం ఉండదు. మెట్రోపాలిటన్ లైన్‌కు మాత్రం రాత్రి సర్వీసు లేదు. మామూలు రోజుల్లో అర్ధరాత్రి దాటిన కాసేపటికి అన్నీ ఆగిపోతాయి. నాకౌట్ మ్యాచ్ అయి ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు పడితే ఆట ముగిసేసరికే 10:30 అవుతుంది, ఆ లెక్క కూడా వేసుకోండి.

ఇక దారి. స్టేడియానికి దగ్గర్లో మూడు స్టేషన్లున్నాయి. వెంబ్లీ పార్క్‌లో జూబిలీ, మెట్రోపాలిటన్ లైన్లు ఆగుతాయి. అక్కడి నుంచి స్టేడియానికి ఒలింపిక్ వే అనే దారి మీద పది నిమిషాల నడక. వెంబ్లీ స్టేడియం స్టేషన్‌కు మేరిల్‌బోన్ నుంచి చిల్టర్న్ రైలు వస్తుంది, ప్రయాణం పది నిమిషాలు. వెంబ్లీ సెంట్రల్‌లో బేకర్లూ లైన్, ఓవర్‌గ్రౌండ్ ఉన్నాయి, నడక పదిహేను ఇరవై నిమిషాలు. మీకు పనికొచ్చేది వెంబ్లీ పార్క్. హౌన్స్‌లో ఈస్ట్‌లో ఎక్కండి, అక్కడ మెట్లెక్కకుండా ప్లాట్‌ఫారానికి చేరొచ్చు. గ్రీన్ పార్క్‌లో దిగి జూబిలీ పట్టుకోండి. గ్రీన్ పార్క్‌లోనూ వెంబ్లీ పార్క్‌లోనూ లిఫ్టులున్నాయి. గ్రీన్ పార్క్‌లో పికడిల్లీ నుంచి జూబిలీకి వెళ్లే సొరంగ మార్గం మాత్రం బాగా పొడవు. మెట్లు లేకపోయినా నడక ఉంటుంది, నాన్నగారి వేగానికి పది నిమిషాలు వేసుకోండి. మొత్తం గంటకు పైనే పడుతుంది.

మ్యాప్‌లో చూసి అల్పర్టన్ దగ్గరే కదా, అదీ పికడిల్లీ లైనే కదా అనిపిస్తుంది. మీరొక్కరే అయితే అది మంచి ఉపాయం. స్టేడియం నుంచి అరగంట పైన నడిస్తే జనం పలచబడతారు, క్యూ ఉండదు. కానీ అల్పర్టన్‌లో లిఫ్టు లేదు, ప్లాట్‌ఫారానికి మెట్లే గతి. పైగా ఆ లైను అక్కడ రేనర్స్ లేన్ వైపు శాఖ, హౌన్స్‌లో వెళ్లాలంటే ఆక్టన్ టౌన్‌లో ప్లాట్‌ఫారం మారాలి. రాత్రి సర్వీసు కూడా ఆ శాఖ మీద లేదు. పెద్దవాళ్లతో వద్దు.

కారు సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను: వద్దు. మ్యాచ్ రోజున స్టేడియం చుట్టుపక్కల వీధులన్నీ అక్కడి స్థానిక సంస్థ బ్రెంట్ కౌన్సిల్ ‘ఈవెంట్ డే’ పార్కింగ్ నిబంధనల కిందికి వస్తాయి. పర్మిట్ లేని బండికి జరిమానా పడుతుంది. మామూలు రోజుల్లో ఖాళీగా కనిపించే వీధిని చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ. స్టేడియం పార్కింగ్ ముందే బుక్ చేసుకున్నా, ఆట అయ్యాక అందులోంచి బయటపడటానికి పట్టే సమయంలో రైల్లో ఇల్లు చేరొచ్చు. టాక్సీలదీ ఇదే కథ. దగ్గరి రోడ్లు మూసేస్తారు, రేట్లు ఆకాశంలో ఉంటాయి. నాన్నగారు అసలు నడవలేని పరిస్థితి ఉంటే టికెట్ కొనేటప్పుడే స్టేడియం వాళ్ల వికలాంగుల సేవల విభాగంతో మాట్లాడండి. చక్రాల కుర్చీ స్థలాలు, తోడు వచ్చేవారి టికెట్, మెట్లు తక్కువున్న సీట్లు వాళ్ల ద్వారానే దొరుకుతాయి. కొన్నాక మార్చడం చాలా కష్టం.

ఇప్పుడు టికెట్. ఇంగ్లండ్ సొంత మ్యాచ్‌ల టికెట్లు అమ్మేది ఫుట్‌బాల్ అసోసియేషన్, అంటే ఎఫ్ఏ. వాళ్ల సైట్‌లో ఉచితంగా ఖాతా తెరవండి. సపోర్టర్స్ క్లబ్ సభ్యులకు ముందుగా అమ్మి, మిగిలినవి అందరికీ తెరుస్తారు. పేరున్న ప్రత్యర్థి వస్తే సభ్యుల దశలోనే చాలా వరకు అయిపోతాయి. చిన్న దేశంతో అర్హత మ్యాచ్ అయితే అందరికీ తెరిచాక కూడా తేలిగ్గానే దొరుకుతాయి. అమ్మానాన్నలకు కావాల్సింది స్టేడియం, జనం, పాటలు, మన ఊళ్లో కనిపించని పచ్చిక. ప్రత్యర్థి ఎవరైతేనేం? అర్హత మ్యాచ్‌లో ఇంగ్లండ్ నాలుగైదు గోల్స్ కొట్టే అవకాశమూ ఎక్కువ. మొదటిసారి చూసేవాళ్లకు 0-0 కన్నా అదే మేలు. అమ్మకం తెరిచే రోజు, గంట ఖాతాకు మెయిల్‌లో వస్తాయి. ఆ సమయానికి పది నిమిషాల ముందే లాగిన్ అయి ఉండండి, కార్డు వివరాలు సిద్ధంగా పెట్టుకోండి, మూడు సీట్లూ ఒకే లావాదేవీలో తీసుకోండి. విడివిడిగా కొంటే పక్కపక్కన రావు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో మ్యాచ్ వారం రాగానే ‘ఎక్స్‌ట్రా టికెట్లు ఉన్నాయి, ఫేస్ వాల్యూకే’ (టికెట్ మీదున్న ధరకే) అనే సందేశాలు మొదలవుతాయి. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్‌ను నిర్వాహకుల అనుమతి లేకుండా అమ్మడం నేరం, 1994 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ చట్టం 166వ సెక్షన్ ప్రకారం. కచేరీ టికెట్లకు లేని నిషేధం ఫుట్‌బాల్‌కు ఉంది. కాబట్టి ఆ అమ్మేవాడు మంచివాడే అయినా, టికెట్ నిజమైనదే అయినా, ఎఫ్ఏకు తెలిస్తే రద్దు చేయొచ్చు. మంచివాడు కాకపోతే పంపేది ఒక స్క్రీన్‌షాట్ లేదా పీడీఎఫ్. గేటు దగ్గర ఫోన్‌ను రీడర్‌కు ఆనిస్తే తెరుచుకునే రకం టికెట్‌కు స్క్రీన్‌షాట్ అంటే ఉత్త బొమ్మ. బ్యాంకు ద్వారా నేరుగా పంపిన డబ్బు తిరిగి రావడమూ కష్టమే. అమ్ముడైపోయిందంటే ఎఫ్ఏ సొంత సైట్‌లో వెనక్కి వచ్చే టికెట్లను చూస్తూ ఉండండి. ఆఖరి రోజుల్లో ఒకటి రెండు సీట్లు వస్తూనే ఉంటాయి, మూడు కలిసి రావడమే అరుదు.

సీటు ఎంపికలో చాలామంది ధర ఒక్కటే చూస్తారు. వెంబ్లీలో సాధారణ ప్రేక్షకులకు రెండు అంతస్తులు: కింద లెవెల్ 1, పైన లెవెల్ 5. మధ్యలో లెవెల్ 2 క్లబ్ సీట్లు, వాటి పైన బాక్సులు. లెవెల్ 5 నుంచి ఆట బొమ్మ గీసినట్టు కనిపిస్తుంది. ఎవరు ఎక్కడ ఖాళీ వదిలారో, వింగ్ (మైదానం పక్క అంచు) మీదికి బంతి ఎందుకు మార్చారో అక్కడి నుంచే తెలుస్తుంది. ఆటను ప్రేమించే వాడికి నేను ఎప్పుడూ ఆ అంతస్తే చెబుతాను. కానీ అక్కడ మెట్లు నిటారుగా ఉంటాయి. కిందికి దిగేటప్పుడు ఎదురుగా గాలి తప్ప ఏమీ కనపడదు. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. ఎత్తు భయం ఉంటే ఇంకా కష్టం. మీకు లెవెల్ 1 మేలు. అందులోనూ మరీ ముందు వరసలు వద్దు. కళ్లు మైదానం ఎత్తులోనే ఉంటాయి, అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో తెలియదు. పైకప్పు సీట్ల మీదుగా ఉన్నా, గాలివానలో జల్లు ముందు వరసల్లోకి కొడుతుంది. మధ్య వరసల్లో, నడవకు పక్కన ఉన్న సీటు నాన్నగారికి ఇవ్వండి. లేవడానికి, కాలు చాపడానికి వీలుంటుంది.

గోల్ వెనక సీట్లు తీసుకోకండి. చవగ్గా ఉంటాయి, హోరు బాగుంటుంది, కానీ అక్కడి అభిమానులు 90 నిమిషాలూ నిలబడే చూస్తారు. ముందు వరస లేస్తే మీరూ లేవాలి, లేకపోతే కనపడేది వీపులే. పొడవు వైపు పక్కల్లో జనం ఎక్కువగా కూర్చుంటారు, గోల్ అవకాశం వచ్చినప్పుడే లేస్తారు. కుటుంబాలకు కేటాయించిన బ్లాకులు కొన్ని మ్యాచ్‌లకు ఉంటాయి. అవి పిల్లలున్న వారికే అని రాసి ఉందేమో చూసుకోండి.

ఇంకొకటి: ప్రత్యర్థి జట్టు జెర్సీ వేసుకుని ఇంగ్లండ్ అభిమానుల మధ్య కూర్చోకూడదు, బయటికి పంపేస్తారు. నాన్నగారికి బ్రెజిల్ అభిమానం ఉంటే, వచ్చేది బ్రెజిల్ అయితే, పసుపు చొక్కా ఇంట్లోనే వదిలి రమ్మనండి.

టికెట్ ఫోన్‌లోకి వచ్చాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. మ్యాచ్‌కు ముందే ఇంట్లో వైఫై మీద యాప్ తెరిచి, టికెట్‌ను ఫోన్ వాలెట్‌లోకి చేర్చేయండి. స్టేడియం దగ్గర వేలమంది ఒకేసారి నెట్ వాడతారు. లాగిన్ పేజీ తిరుగుతూనే ఉంటుంది, ఓటీపీ రాదు. గేటు దగ్గర పక్కకు జరిగి ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుక్కునేవాళ్లు ప్రతి మ్యాచ్‌కూ కనిపిస్తారు. వీలైతే ఎవరి టికెట్ వారి ఫోన్‌లోకి యాప్ ద్వారా బదిలీ చేయండి. అమ్మగారికి, నాన్నగారికి ఆ ఫోన్ల తంటా వద్దనుకుంటే మూడూ మీ దగ్గరే ఉంచండి. అయితే వాళ్లను ముందు లోపలికి పంపి మీరు ఆఖరున వెళ్లండి. మీరు ముందు వెళ్తే గేటు అవతల నుంచి ఫోన్ ఇవ్వడం కుదరదు, ఒకసారి లోపలికి వెళ్లాక బయటికి వచ్చి మళ్లీ వెళ్లడమూ కుదరదు. వాలెట్‌లో మూడు టికెట్లుంటే రీడర్ దగ్గర ప్రతిసారీ సరైన టికెట్‌ను వేలితో ఎంచి తెరవాలి, వాడేసినదే మళ్లీ చూపిస్తే ఎర్రలైటు వస్తుంది. ఛార్జింగ్ నిండుగా ఉండాలి. రాత్రి రైలుకూ అదే ఫోన్ కావాలి.

రైలు అంటే గుర్తొచ్చింది. ట్యూబ్‌లో లోపలికి వెళ్లేటప్పుడు ఏ కార్డు ఆనించారో బయటికి వచ్చేటప్పుడూ అదే ఆనించాలి. ఫోన్‌తో వెళ్లి, అదే బ్యాంకు ప్లాస్టిక్ కార్డుతో బయటికి వస్తే యంత్రానికి అవి రెండు వేర్వేరు. రెండు అసంపూర్తి ప్రయాణాలుగా లెక్కేసి గరిష్ఠ ఛార్జీలు కోస్తుంది. ఒకే కార్డుతో ముగ్గురు వెళ్లడమూ కుదరదు. అమ్మానాన్నలకు చెరో ఆయిస్టర్ కార్డు (ముందే డబ్బు వేసుకునే ప్రయాణ కార్డు) కొని, తిరుగు ప్రయాణానికి సరిపడా డబ్బు ముందే వేసి ఉంచండి. ఆట అయ్యాక స్టేషన్‌లో టాపప్ యంత్రం దగ్గర ఆగడమంటే జనప్రవాహానికి అడ్డం నిలబడటమే.

సంచులు: మనిషికి ఒక చిన్న సంచి, ఏ4 కాగితం సైజుకు మించకూడదు. ఆఫీసు బ్యాక్‌ప్యాక్, ల్యాప్‌టాప్‌తో నేరుగా వచ్చేవారికి గేటు దగ్గరే ఆట ముగుస్తుంది. గాజు సీసాలు, డబ్బాలు, పెద్ద గొడుగులు, సెల్ఫీ కర్రలు, పెద్ద లెన్సు కెమెరాలు వద్దు. వానకు గొడుగు బదులు టోపీ ఉన్న రెయిన్‌కోటు తెచ్చుకోండి. నాన్నగారి మందులు అసలు పెట్టెలోనే, ప్రిస్క్రిప్షన్‌తో కలిపి ఉంచండి, తనిఖీలో మాటలు తగ్గుతాయి. నగదు లోపల చెల్లదు, అన్నీ కార్డే.

తనిఖీ ఇంత గట్టిగా ఎందుకంటే దానికి చరిత్ర ఉంది. 2021 జులై 11న ఇంగ్లండ్, ఇటలీ మధ్య యూరో (యూరప్ దేశాల కప్) ఫైనల్ రోజు, టికెట్ లేని సుమారు 2,000 మంది లోపలికి చొరబడ్డారని బారనెస్ కేసీ విచారణ నివేదిక తేల్చింది. టికెట్ ఉన్నవాళ్ల వెనకే అంటుకుని దూరడం, వికలాంగుల ద్వారాల దగ్గర తోసుకుని వెళ్లడం అందులో ప్రధానం. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ జరిమానా వేసి, ఇంగ్లండ్ ఒక మ్యాచ్‌ను ప్రేక్షకులు లేకుండా ఆడేలా చేసింది. అందుకే పెద్ద మ్యాచ్‌లకు దూరం నుంచే టికెట్ అడుగుతారు, ఆ తర్వాత సంచి చూస్తారు, ఆపైన గేటు. మీ వెనక ఎవరైనా మరీ దగ్గరగా వచ్చి ‘ఒక్కసారి నాతో కలిసి’ అంటే నో చెప్పి స్టీవర్డు (స్టేడియం సిబ్బంది) వైపు చూడండి. నాన్నగారిని తోసుకుని ఒకడు దూరితే పడిపోయేది ఆయనే.

ఆటకు గంటన్నర ముందు ఒలింపిక్ వే మీద ఉండేలా బయల్దేరండి. స్టేడియం మీది 133 మీటర్ల ఎత్తున్న ఆర్చ్ ఎదురుగా కనిపిస్తూ, పాటలు పాడే జనంతో కలిసి నెమ్మదిగా నడవడం ఆ సాయంత్రంలో మంచి భాగం, దాన్ని పరుగుతో పాడుచేసుకోకండి. చివర్లో స్టేడియం ఎదుట వెడల్పాటి మెట్లు వస్తాయి, పక్కనే లిఫ్టుంది, అడిగితే చూపిస్తారు. అవతలి వైపు వెంబ్లీ స్టేడియం స్టేషన్ దగ్గరి వంతెన పేరు వైట్ హార్స్ బ్రిడ్జ్. 1923లో ఇక్కడ జరిగిన మొదటి ఎఫ్ఏ కప్ ఫైనల్‌కు జనం మైదానంలోకి పొంగిపొర్లితే, బిల్లీ అనే తెల్ల గుర్రం మీద ఒక పోలీసు వాళ్లను నెమ్మదిగా అంచుకు జరిపాడు. ఆ తెల్ల గుర్రం గుర్తుగానే వంతెనకు ఆ పేరు. నాన్నగారికి ఈ సంగతి అక్కడే నిలబెట్టి చెప్పండి.

తిండి లోపల ఖరీదు, శాకాహారులకు ఎంపిక తక్కువ. అమ్మగారు శాకాహారి అయితే మధ్యాహ్నమే ముందుగా వచ్చి ఈలింగ్ రోడ్ మీద భోజనం చేయండి, దక్షిణాది, గుజరాతీ హోటళ్లు వరసగా ఉన్నాయి. అదే రోడ్డు మీద చెక్కిన రాతితో కట్టిన సనాతన్ హిందూ మందిర్ కూడా ఉంది. ఆ పూట అమ్మగారికి అదే ఇష్టమవుతుందేమో. అక్కడి నుంచి స్టేడియానికి మ్యాచ్ రోజు బస్సును నమ్ముకోకండి, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. టాక్సీ అయితే రోడ్లు మూసేముందే, ఆటకు మూడు గంటల ముందే దిగిపోవాలి.

లోపల బీరు కొనొచ్చు కానీ మైదానం కనిపించే చోటికి తేకూడదు, 1985 నుంచి చట్టమే అది. కాబట్టి హాఫ్‌టైమ్‌లో జనమంతా సీట్ల వెనక వరండాల్లో నిండిపోతారు. విరామం 15 నిమిషాలే. నాన్నగారిని 40వ నిమిషంలో బాత్రూంకు తీసుకెళ్లండి. విరామంలో వెళ్తే రెండో సగం మొదటి ఐదు నిమిషాలు పోతాయి. అక్టోబరు, నవంబరు రాత్రుల్లో కూర్చుని ఉండటం వల్ల చలి ఎక్కువ తెలుస్తుంది. గుంటూరు నుంచి వచ్చినవారికి స్వెట్టర్ ఒక్కటి చాలదు, లోపల థర్మల్, కాళ్లకు ఉన్ని సాక్సులు. చల్లబడితే మోకాళ్లు బిగుసుకుంటాయి, విరామంలో నాలుగడుగులు నడిపించండి.

ఆట అయ్యాక రెండు దారులు. 85వ నిమిషంలో లేచి వెళ్లడం మొదటిది. గోల్ ఎప్పుడైనా పడొచ్చు, అంత దూరం వచ్చి ఆఖరి నిమిషాలు వదిలేయడం నాకు ఇష్టం ఉండదు. రెండోది కూర్చోవడం. విజిల్ పడ్డాక సీట్లలోనే పావుగంట ఉండండి, ఆటగాళ్లు చుట్టూ తిరిగి చప్పట్లు కొడతారు, అదీ చూడదగ్గదే. తర్వాత స్టేడియం పక్కనే ఉన్న లండన్ డిజైనర్ అవుట్‌లెట్ వైపు వెళ్లి హోటల్‌లో టీ తాగుతూ అరగంట గడపండి. టేబుల్ ముందే బుక్ చేసుకుంటే ఇంకా మంచిది. ఈలోపు ఒలింపిక్ వే మీద పోలీసులు, స్టీవర్డులు ‘స్టాప్’, ‘గో’ బోర్డులతో జనాన్ని విడతలు విడతలుగా స్టేషన్‌లోకి వదులుతుంటారు. అది చూసి విసుక్కోవద్దు, ప్లాట్‌ఫారం మీద తొక్కిసలాట జరక్కుండా ఆపేది ఆ బోర్డులే. మీరు వెళ్లేసరికి క్యూ కరిగిపోయి ఉంటుంది, రైల్లో నాన్నగారికి సీటు దొరుకుతుంది. ముగ్గురూ విడిపోతే ఎక్కడ కలవాలో ముందే ఒక చోటు అనుకోండి. స్టేడియం బయట ఇంగ్లండ్ 1966 కెప్టెన్ బాబీ మూర్ విగ్రహం ఉంది, ఎవరిని అడిగినా చూపిస్తారు.

పురుషుల జట్టు టికెట్ దొరక్కపోతే మహిళల జట్టు మ్యాచ్ చూడండి. 2022 యూరో ఫైనల్ ఇక్కడే, 87,192 మంది ముందు, జర్మనీని 2-1తో ఓడించిన జట్టు అది. టికెట్ ధర తక్కువ, జనంలో కుటుంబాలు, పిల్లలు ఎక్కువ, స్టేషన్ దగ్గర తోపులాట తక్కువ. మోకాళ్ల నొప్పి ఉన్న నాన్నగారు, మొదటిసారి చూస్తున్న అమ్మగారు అంటే, రెండూ దొరికే రోజున కూడా నేను ఆ మ్యాచ్‌నే ముందు చూపిస్తాను.